మొగలిలంక పంటుకి స్థిరభారం

సత్యవేణి కూతురు మోక్షితకి ఏడాదిన్నర నిండింది గానీ, బరువు మాత్రం ఏడు కిలోల మూడు వందల గ్రాముల దగ్గరే ఆగిపోయింది. అంగన్‌వాడీ టీచరు కార్డు మీద చుక్క పెట్టి, ఆ చుక్క ఎర్ర రంగులో పడిందని వేలితో చూపించి, "ఇక ఇంటి వైద్యాలు చాలు సత్యవేణీ. గురువారం గురువారం అవతలి ఒడ్డు ఆసుపత్రికి పిల్లల డాక్టరమ్మ వస్తుంది. ఒంటిగంట దాకానే ఉంటుంది. తీసుకెళ్ళు" అంది.

అప్పట్నించీ సత్యవేణి బిడ్డని ఎత్తుకున్న ప్రతిసారీ చేతులతోనే తూచేది. నిన్నటికన్నా తేలిగ్గా ఉందేమోనని ఒకసారి, లేదు లేదు, కాస్త బరువెక్కిందేమోనని ఇంకోసారి. అత్తగారు సూరాయమ్మ అరుగు మీద కూర్చుని చూసేది. "మా వాణ్ణి ఈ వయసులో ఎత్తుకుంటే నడుం పట్టేసేదమ్మా. నీ చేతి ముద్దలో ఏం లోపముందో మరి!" అనేది. ఆ మాట రోజుకి రెండుసార్లు వినపడేది, పండగ రోజుల్లో మూడుసార్లు.

మొగలిలంక గోదారి మధ్యలో ఉన్న ఊరు. వంతెన లేదు. రెండు పడవలు పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, ఇంజను బిగించిన పంటు ఒక్కటే ఆధారం. పెళ్ళికూతురైనా, గేదె అయినా, మోటారుసైకిలైనా దాని మీదే అవతలికి వెళ్ళాలి. నడిపేవాడు సరంగు పల్లాలు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా పంటుని ముంచలేదు. అయినా తర్వాత అధికారులు అతని మాట వినలేదు.

ఆ ఏడు ఎక్కడో సముద్రంలో ఖాళీగా వెళ్తున్న ఓడ ఒకటి గాలికి పక్కకి ఒరిగిందట. అందులో ఎవరికీ ఏమీ కాలేదు. కానీ రాజధానిలో ఉన్న జలయాన స్థిరత్వ పర్యవేక్షణ విభాగం వాళ్ళకి మాత్రం ఆ దెబ్బ గట్టిగా తగిలింది. ఓడ అడుగున తగినంత బరువు లేకపోవడమే కారణమని పేపర్లో చదివి, మూడు రోజులు సదస్సు పెట్టుకుని, భోజనాల తర్వాత ఒక నిర్ణయానికి వచ్చారు. ఇంగ్లీషులో బ్యాలస్టు అనే ఆ బరువుకి స్థిరభారం అని పేరు పెట్టి, నీటిపై తేలు ప్రతి వస్తువుకూ స్థిరభారం తప్పనిసరి అని ఉత్తర్వు తీశారు. నీటిపై తేలు వస్తువుల్లోకి బాతులు వస్తాయా రావా అని జిల్లా గుమాస్తా ఒకాయన స్పష్టత కోరుతూ ఉత్తరం రాశాడు. జవాబు ఇంకా పరిశీలనలో ఉంది.

మొదటి గురువారం సత్యవేణి బిడ్డకి దిష్టిచుక్క పెట్టి, అత్తగారిని వెంటబెట్టుకుని రేవుకి వచ్చేసరికి పంటు నిండా రాళ్ళున్నాయి. రైలు పట్టాల కింద పోసే నల్ల కంకర. సరుకు తెప్పించే గుమాస్తాకి బ్యాలస్టంటే అదొక్కటే తెలుసు. అంతకుముందు విడతలో ఇంకో గుమాస్తా రెండు పెట్టెల ట్యూబులైటు చోకులు పంపాడట, కరెంటు పనివాళ్ళు వాటినీ అదే పేరుతో పిలుస్తారు గనక. వచ్చిన సరుకుని వెనక్కి పంపే పద్ధతి లేదు కాబట్టి ఆ పెట్టెలు కూడా కంకర పక్కనే కూర్చున్నాయి.

"ఏంటి బాబాయ్ ఇది?" అంది సత్యవేణి.

పల్లాలు బీడీ ఆర్పేశాడు. "నలభై మంది ఎక్కే పంటమ్మా ఇది. ముప్ఫై మంది బరువు రాళ్ళు పోశారు. ఇహ పది మందికే చోటు. ఆ పది మందీ ఎక్కేశారు."

"రాళ్ళు దింపెయ్యొచ్చు కదా?"

"మా తాత తెరచాప పడవ నడిపేవాడు. కొబ్బరికాయలు దింపేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు గాలికి పల్టీ కొట్టకుండా అడుగున ఇసక బస్తాలు వేసుకునేవాడు. ఖాళీ పడవకి బరువు కావాలి, నిజమే. మనుషులెక్కిన పడవకి మనుషులే బరువు కదా! ఈ ముక్క చెబితే ఆ సారు, 'నీ అభిప్రాయం లిఖితపూర్వకంగా ఇవ్వు' అన్నాడు. నాకు సంతకం పెట్టడానికే పావుగంట పడుతుంది తల్లీ."

ఆ సారు రేవులో గొడుగు కింద కుర్చీ వేసుకుని ఉన్నాడు. స్థిరభార అధికారి పరాంకుశం గారు. ఇస్త్రీ చొక్కా, జేబులో మూడు పెన్నులు. సత్యవేణి దగ్గరికి వెళ్ళి చేతులు జోడించింది.

"పిల్లకి బాగోలేదండీ. ఈ ఒక్కసారికి..."

"అమ్మా, మీ క్షేమం కోసమే ఈ ఏర్పాటు. మీరు ఎక్కకపోతే మీకు ప్రమాదం జరిగే అవకాశమే లేదు కదా" అన్నాడాయన ఎంతో ఓపిగ్గా.

పంటు పది మందితో, ముప్ఫై మంది రాళ్ళతో వెళ్ళిపోయింది. సత్యవేణి ఇంటికి వచ్చి రాగి జావ కాచింది. మోక్షిత రెండు గుక్కలు తాగి మూతి తిప్పేసుకుంది.

ఊళ్ళో జనం అర్జీ పెట్టారు. అర్జీని సానుభూతితో పరిశీలించామని వారంలోగానే సర్క్యులర్ వచ్చింది. ప్రయాణికులను సైతం స్థిరభారంగా పరిగణించవచ్చు, ఆ మేరకు రాళ్ళు తగ్గించవచ్చు, అయితే ప్రతి ప్రయాణికుడినీ తూచి నమోదు చేయాలి, కనీస భారం ముప్ఫై కిలోలు ఉండాలి. రేవులోకి ధాన్యం తూచే కాటా వచ్చింది.

రెండో గురువారం సత్యవేణి కాటా ఎక్కింది. నలభై ఒక్క కిలోలు. "కేవలం ఉత్తీర్ణత" అని గొణుక్కుంటూ రాసుకున్నాడు పరాంకుశం గారు. తర్వాత సూరాయమ్మ ఎక్కింది. డెబ్బై ఎనిమిది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అమ్మా! మీవంటి ప్రయాణికులే ఈ శాఖకు మూలాధారం. దయచేసి మధ్యలో ఆసీనులు కండి."

పుట్టి బుద్ధెరిగాక ఎవ్వరూ సూరాయమ్మతో అంత మర్యాదగా మాట్లాడలేదు. ఆవిడ కొంగు సర్దుకుని నడిచిన తీరు చూసి జనం దారి ఇచ్చారు. వెళ్ళి సరిగ్గా మధ్య బల్ల మీద కూర్చుంది. ఆ రోజు నించీ శాఖని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునేది కాదు.

మోక్షితని కాటా మీద కూర్చోబెట్టేసరికి పరాంకుశం గారి పెన్ను ఆగిపోయింది.

"ఏడు కిలోల మూడు వందల గ్రాములు! అమ్మా, ఇది ప్రయాణ భారం కాదు. లోటు ఇరవై రెండు కిలోల ఏడు వందల గ్రాములు. ఈ లోటును శిలలతో భర్తీ చేసి, సదరు శిలలను శిశువుకు విడదీయరాని విధంగా జతపరచాలి."

"పిల్లకి రాళ్ళు కడతారా?"

"కట్టడం కాదమ్మా. జతపరచడం."

"నీళ్ళలో పడితే?"

"స్థిరంగా ఉంటుంది."

సత్యవేణి బిడ్డని కాటా మీంచి ఎత్తి చంకనేసుకుంది. "బరువు తక్కువనే కదండీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాను!"

"నిరభ్యంతరంగా తీసుకెళ్ళండి. ముప్ఫై కిలోలు నిండగానే."

"పోనీ మా ఇద్దర్నీ కలిపి తూచండి బాబూ. నా చంకలోనే ఉంటుంది, కింద పెట్టను. నలభై ఒకటీ ఏడూ కలిపి రాసుకోండి."

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నిజంగానే బాధపడ్డట్టు కనిపించాడు. "తల్లీబిడ్డల అనుబంధాన్ని శాఖ గౌరవిస్తుందమ్మా. తూకంలో దాన్ని గుర్తించే నిబంధన మాత్రం లేదు."

ముప్ఫై కిలోలు నిండేసరికి తన కూతురికి పదేళ్ళొస్తాయని సత్యవేణి లెక్కేసుకుంది, అప్పటిదాకా ఉంటే. ఆ చివరి మాట మనసులో అనుకున్నందుకే చెంపలేసుకుంది. ఇంటికి నడుస్తుంటే పిల్ల తల భుజం మీద ఉందో లేదో తెలియనంత తేలిగ్గా ఉంది. రెండుసార్లు ఆగి చూసుకుంది.

సాయంత్రం ఇంట్లో సూరాయమ్మ కొడుకుతో చెబుతోంది. "ఆ సారు తప్పేం లేదురా. నన్ను చూశాక లేచి నిలబడ్డాడు. పిల్లని మాత్రం అట్టా చూసేసరికి నాకే తల కొట్టేసినట్టయింది. దీని తల్లి తిండి పెడితే కదా!"

సత్యవేణి వంటింట్లో పప్పు గుత్తితో పప్పుని అవసరానికి మించి మెదిపింది.

మూడో గురువారానికి ఇంకో పథకం వచ్చింది. పేరు సజీవ స్థిరభార పథకం. రాళ్ళ స్థానంలో మనుషులే స్వచ్ఛందంగా భారంగా చేరవచ్చు. టిక్కెట్టు లేదు, కనీస బరువు లేదు, తల్లీబిడ్డలు కలిసి చేరవచ్చు. ఫారం మీద ఇంత సన్నటి అక్షరాలు. ఎనిమిదో తరగతిలో చదువాపేసిన సత్యవేణికి మొదటి మూడు వరుసలు బోధపడ్డాయి, మిగతా పద్దెనిమిది పడలేదు. బిడ్డని చంకలో మార్చుకుని సంతకం పెట్టేసింది.

భారం కాబట్టి పైన బల్లల మీద కూర్చోనివ్వలేదు. కింద పడవ కడుపులో కూర్చోబెట్టారు. డీజిలు వాసన, మోకాళ్ళ దగ్గర చెమ్మ. అయినా పంటు కదులుతోంది, అవతలి ఒడ్డు దగ్గరవుతోంది, బల్లల సందులోంచి ఆసుపత్రి పచ్చ గోడ కనిపిస్తోంది. సత్యవేణి ప్రాణం లేచొచ్చింది. పంటు ఒడ్డుకి తగలగానే లేచి నిలబడింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు పైన బల్లల మీంచి పరాంకుశం గారు.

"దిగుతున్నానండీ."

"దిగడం ప్రయాణికుల హక్కు. మీరు భారం. భారం దిగిపోతే పడవ ఖాళీ అవుతుంది, ఖాళీ పడవ ఒరుగుతుంది. ఆరవ వరుస చూడండి."

"అరగంటలో వచ్చేస్తానండీ! అదిగో, ఆ గోడే!"

"ఓడలోని భారం అరగంట సెలవు మీద వెళ్ళడం ఏ దేశంలోనైనా ఉందా?"

ఆ రోజు సత్యవేణి గోదారిని పన్నెండు సార్లు దాటింది. ఆసుపత్రి గోడ ఆరుసార్లు దగ్గరికొచ్చింది, ఆరుసార్లు దూరమైంది. మూడోసారి వచ్చినప్పుడు వరండాలో తల్లుల వరస కనిపించింది. నాలుగోసారికి వరసలో ఇద్దరే మిగిలారు. ఐదోసారికి డాక్టరమ్మ స్కూటీ ఎక్కి వెళ్ళిపోతోంది. బిడ్డ ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువుండాలి. సత్యవేణి ఏడ్చింది.

సూరాయమ్మ టిక్కెట్టు ప్రయాణికురాలు కాబట్టి దర్జాగా దిగి, ఇడ్లీ తిని, తిరిగొచ్చింది. బల్లల మధ్య సందులోంచి కిందికి తొంగి చూసింది. ఆకులో చుట్టిన రెండు ఇడ్లీలు ఆ సందులోంచి జారవిడిచింది.

"తినవే. పిల్లకి పెట్టి, నువ్వూ తిను. ఆ సారు చూడకుండా తిను, బరువు పెరిగావని మళ్ళీ కాగితం రాస్తాడు."

శాఖ గురించి ఆవిడ నోట వంకర మాట రావడం అదే మొదలు.

పథకం గొప్పగా నడుస్తోందని పైకి నివేదిక వెళ్ళింది. లంక జనాభాలో మూడో వంతు స్వచ్ఛందంగా భారమయ్యారని అందులో ఉంది. దాంతో నాలుగో గురువారం శాఖ సంచాలకులు గారే స్వయంగా చూడ్డానికి వచ్చారు. ఆయన చూస్తారు కాబట్టి అన్నీ ఉండాలి కదా. తీసేసిన కంకర మళ్ళీ పోశారు. చోకుల పెట్టెలకి సున్నం కొట్టారు. సజీవ భారాన్ని కింద కూర్చోబెట్టారు, ప్రయాణికుల్ని పైన. మధ్యలో, శాఖకి మూలాధారంగా, సూరాయమ్మ. ఆవిడకి అటూ ఇటూ అధికారుల కుర్చీలు. సత్యవేణి ఈసారీ భారంగానే ఎక్కింది. దిగనివ్వరని తెలుసు. పెద్దాయన కాళ్ళు పట్టుకుందామని ఎక్కింది.

ఎండాకాలం. గోదారిలో నీరు బాగా తీసింది. పల్లాలు నీళ్ళకేసి చూసి తల గీరుకున్నాడు. "అయ్యా, ఇంత బరువుతో ఈ నీటిలో..."

"లిఖితపూర్వకంగా" అన్నాడు పరాంకుశం గారు.

పంటు బయల్దేరింది. పాయ దాటింది. నడి ఏటిలోకి రాగానే అడుగున ఏదో మెత్తగా గీసుకున్నట్టు చప్పుడైంది. పంటు ఆగిపోయింది. ఇంజను రొప్పుతోంది, పంటు మాత్రం అంగుళం కదల్లేదు.

సంచాలకులు గారు గ్లాసుడు మంచినీళ్ళు తెప్పించి బల్ల మీద పెట్టించారు. అందరూ వంగి చూశారు. నీళ్ళు ఇంత కూడా తొణకలేదు.

"అద్భుతం! జలయాన చరిత్రలో సంపూర్ణ స్థిరత్వం!" అన్నారాయన. అధికారులు చప్పట్లు కొట్టారు.

"ఇసక మేట మీద కూర్చుండిపోయిందండి బాబూ" అన్నాడు పల్లాలు.

"కూర్చోవడమే స్థిరత్వానికి పరాకాష్ఠ. రాసుకోండి."

కింద సత్యవేణి ఫోనులో టైము చూసుకుంది. పదకొండు. డాక్టరమ్మ ఒంటిగంటకి వెళ్ళిపోతుంది. బిడ్డ ఒళ్ళు నులివెచ్చగా తగులుతోంది. పెద్దాయన కాళ్ళు పట్టుకుందామని నిచ్చెన ఎక్కి పైకొచ్చింది. ఆయన కాళ్ళు కనిపించాయి గానీ, వాటికన్నా ముందు నీళ్ళు కనిపించాయి. అడుగునున్న ఇసక, ఇసక మీద చిన్న చిన్న చేపపిల్లలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇక్కణ్ణించి అవతలి ఒడ్డు దాకా అలాగే ఉంది.

చీర కుచ్చిళ్ళు పైకి దోపి, బిడ్డని భుజాన వేసుకుని, పక్క బల్ల మీంచి దిగింది. నీళ్ళు మోకాలి దాకా వచ్చి ఆగాయి.

"అమ్మా! అమ్మా! మీరు భారం! భారం దిగరాదు!" పరాంకుశం గారు అంచు దాకా పరిగెత్తాడు. "పడవ స్థిరత్వానికి భంగం!"

సత్యవేణి వెనక్కి తిరిగింది. మూడు వారాలుగా ఆయన ముందు జోడించిన చేతులు ఇప్పుడు ఖాళీగా లేవు. "నా పిల్ల ఏడు కిలోలే బాబూ. అంత తేలికది దిగితేనే ఒరిగిపోయే పడవైతే, ఒరిగిపోనివ్వండి" అని నడవడం మొదలుపెట్టింది.

పంటు ఒరగలేదు. అలాగే కూర్చుని ఉంది. సంచాలకులు గారు గ్లాసుకేసి చూసి తృప్తిగా తలూపారు.

అప్పుడు మధ్య బల్ల మీంచి సూరాయమ్మ లేచింది.

"అమ్మా, మీరు కదలకండి! మీరు మూలాధారం!"

"మూలాధారం లేదు, నీ మొహం లేదు. చంటిపిల్లనేసుకుని ఒక్కత్తీ ఏట్లో నడుస్తుంటే ఇక్కడ నేను గద్దె మీద కూర్చోనా? తప్పుకో అబ్బాయ్!"

"ఆ ముఖ్యభారాన్ని ఆపండి!" అని సంచాలకులు గారు కేక పెట్టారు. ఆపడానికి ఇద్దరు గుమాస్తాలు ముందుకొచ్చారు గానీ, డెబ్బై ఎనిమిది కిలోలు ఒకసారి బయల్దేరాక ఇద్దరు గుమాస్తాల వల్ల అయ్యే పని కాదది. ఆవిడ దిగింది. పంటు ఒక మూల కిర్రుమంది. ఆవిడ వెనక పాల క్యాన్లవాళ్ళు, బడికెళ్ళే టీచర్లు, పెళ్ళి బట్టలు కొనడానికి బయల్దేరినవాళ్ళు, కింద కూర్చున్న భారమంతా పైకొచ్చి ఒక్కొక్కరే దిగిపోయారు. పల్లాలు కూడా పడవ తేలిక చేద్దామని దిగాడు.

పంటు మెల్లిగా ఇసక మీంచి లేచింది. అధికారుల్నీ, కంకరనీ, సున్నం కొట్టిన చోకులనీ, నీళ్ళ గ్లాసునీ మోసుకుంటూ వాలుకి పోవడం మొదలుపెట్టింది. నడపమని కేకలేస్తే, "భారం లేని పడవ నడపకూడదని మీ ఉత్తర్వే కదండీ!" అన్నాడు పల్లాలు నీళ్ళలోంచి. సాయంత్రం చేపల వేటవాళ్ళు రెండు మైళ్ళ అవతల తాడేసి వెనక్కి లాక్కొచ్చారు.

సత్యవేణి తడిసిన చీరతోనే ఆసుపత్రి వరండాలో నిలబడింది. లోపల డాక్టరమ్మ మోక్షిత కనురెప్పలు కిందికి లాగి చూసింది, పొట్ట నొక్కి చూసింది, పరీక్ష చేయించింది.

"కడుపులో పురుగులున్నాయి. రక్తం బాగా తక్కువుంది. అందుకే ఎంత పెట్టినా ఒంటికి పట్టట్లేదు. నువ్వు పెట్టకపోవడం కాదమ్మా" అంది.

ఆ చివరి వాక్యం అన్నప్పుడు సూరాయమ్మ గోడ మీద ఉన్న టీకాల బొమ్మల్ని చాలా శ్రద్ధగా చూస్తోంది. మందు తాగించాక నాలుగు వారాలకి మళ్ళీ చూపించమని డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది.

శాఖవారి నివేదిక కూడా వచ్చింది. పంటు ఇరవై నిమిషాల పాటు సంపూర్ణ స్థిరత్వం సాధించిందనీ, తదుపరి కలిగిన అంతరాయానికి భారం యొక్క క్రమశిక్షణా రాహిత్యమే కారణమనీ తేల్చారు. కాబట్టి సజీవ భారం రద్దు. ఇకమీదట ఎవరు ఎంత బరువున్నా ఎక్కవచ్చు, దిగవచ్చు. ఒక్కటే నియమం. రిజిస్టరులో ఒకసారి ధ్రువీకరించిన బరువు తర్వాత మారరాదు.

నాలుగు వారాలు సత్యవేణి మందులు పోసింది, గుడ్డు మెదిపి పెట్టింది, వేరుశనగ ఉండలు చేసింది. సూరాయమ్మ పెసరట్టు తుంపి నోట్లో పెట్టేది. ఇద్దరూ పిల్లని చేతులతో తూచేవాళ్ళు. ఇద్దరికీ అనుమానమే. ఆశ కొద్దీ చేతులు అబద్ధం చెబుతాయని పైకి అనకుండా ఊరుకునేవాళ్ళు.

ఆ గురువారం రేవులో మళ్ళీ అదే గొడుగు, అదే కాటా. మోక్షితని కూర్చోబెట్టారు. పిల్ల ఊరుకోకుండా కాటా గొలుసు పట్టుకుని గుంజుతోంది. పరాంకుశం గారు ముల్లు చూశాడు. రిజిస్టరు తిప్పాడు. మళ్ళీ ముల్లు చూశాడు. మొహం గంభీరమైంది.

"అమ్మా! ఇది చాలా తీవ్రమైన విషయం. ధ్రువీకృత భారం ఏడు కిలోల మూడు వందలు. ఇప్పుడు ఏడు కిలోల తొమ్మిది వందలు ఉంది."

సత్యవేణి కాటా అంచు పట్టుకుంది.

"సారూ, ఆ ముక్క ఇంకోసారి అనండి. కాస్త గట్టిగా."

ఆయన లేచి నిలబడి, రేవంతా వినపడేలా చదివాడు. "శిశువు మోక్షిత, పూర్వానుమతి లేకుండా, ఆరు వందల గ్రాముల అధిక భారం పెరిగినది!"

సూరాయమ్మ కోడలి వీపు మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు.

"దీనికి మీకు నోటీసు ఇవ్వక తప్పదు" అన్నాడు పరాంకుశం గారు.

"ఇవ్వండి బాబూ" అంది సత్యవేణి కళ్ళు తుడుచుకుంటూ. "గ్రాములతో సహా రాయండి. ముద్ర కాస్త స్పష్టంగా పడేలా కొట్టండి. అంగన్‌వాడీ టీచరుకి చూపించాలి."